జన్యువు సరేనంటేనే మందు.. కాలేయాన్ని చూశాకే మోతాదు

సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లలున్న మేనరికపు ఇళ్లు తెలుసుకోవాల్సిన లెక్క

పాప బుగ్గ మీద ముద్దు పెడితే పెదవులకు ఉప్పు తగులుతుంది. ‘ఎండాకాలం కదా, చెమటలే’ అని తుడిచేస్తారు. వానలొచ్చినా, చలి వచ్చినా దగ్గు మాత్రం పోదు. పెట్టిందంతా తింటుంది.. ఒళ్లు చేయదు. విరేచనం జిడ్డుగా, నీళ్ల మీద తేలేలా ఉంటుంది. వాసన ఇల్లంతా కమ్ముతుంది. నెమ్ము అని ఒకరు, ఆయాసం అని ఒకరు, క్షయ అని ఇంకొకరు మందులు రాస్తారు. ఆరు నెలల టీబీ కోర్సు అయిపోతుంది. దగ్గు అలాగే ఉంటుంది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు చాలా ఇళ్లలోకి ఇలాగే, వేరే జబ్బుల పేర్లతో వస్తుంది. ఇది తెల్లవాళ్ల జబ్బని, మన దేశంలో లేనే లేదని ఒకప్పుడు వైద్యులూ అనుకున్నారు. వెతకడం మొదలుపెట్టాక ఢిల్లీ ఎయిమ్స్‌లో, వేలూరు సీఎంసీలో, మరికొన్ని పెద్దాసుపత్రుల్లో పిల్లలు కనిపిస్తూ వచ్చారు. ఇప్పుడు ఈ జబ్బుకు మూలాన్నే పట్టుకుని పనిచేసే మాత్రలు వచ్చాయి. సెల్‌ఫోన్లో ఎవరో ఆ వార్త పంపగానే ఇంట్లో ఆశ పుడుతుంది. అయితే ఆ మాత్ర ఈ బిడ్డకు పనికొస్తుందా లేదా అన్నది రెండు కాగితాలు చెప్పాలి. ఒకటి జన్యు పరీక్ష రిపోర్టు. రెండోది కాలేయం రిపోర్టు.

కాలువ మూసుకుపోతే..

మన ఒంట్లో ఏడో క్రోమోజోము మీద సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు ఉంది. దాన్ని 1989లో కనిపెట్టారు. ఆ జన్యువు తయారు చేయించే ప్రొటీను.. ఊపిరితిత్తుల్లో, క్లోమంలో, పిత్త నాళాల్లో, చెమట గ్రంథుల్లో ఉప్పును అటూ ఇటూ పంపే చిన్న ద్వారం లాంటిది. ఉప్పు కదిలితేనే దాని వెంట నీరు కదులుతుంది. ద్వారం పనిచేయకపోతే నీరు చేరదు, లోపలి ద్రవాలు జిగురులా చిక్కబడతాయి. ఊపిరితిత్తుల్లో కఫం గట్టిపడి క్రిములకు ఇల్లవుతుంది. క్లోమ రసం పేగుల్లోకి దిగక తిన్న కొవ్వు అరగదు. చెమటలో మాత్రం ఉప్పు వెనక్కి పీల్చుకోలేక బయటికి పోతుంది. బళ్లారి, రాయచూరు లాంటి చోట్ల ఎండలకు ఈ పిల్లలు ఒక్కసారిగా వాడిపోవడానికి కారణం ఇదే. వీళ్లకు వేసవిలో ఉప్పు అదనంగా ఇవ్వమని డాక్టర్లు చెబుతారు.

జబ్బును పట్టిచ్చేదీ ఆ చెమటే. చేతి మీద కొద్దిపాటి కరెంటుతో మందు పంపి చెమట పట్టించి, అందులోని క్లోరైడు కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క. 30 నుంచి 59 మధ్య ఉంటే అనుమానం, ఇంకా వెతకాలి. సూది పోటు లేని పరీక్ష. ఆ తర్వాతి మెట్టు జన్యు పరీక్ష.

ఏ లోపమో తెలియాలి

జన్యువులో లోపం అంటే ఒక్క రకం కాదు. సీఎఫ్‌టీఆర్‌లో ఇప్పటికి 2 వేలకు పైగా మార్పులు నమోదయ్యాయి. వాటిలో పేరుమోసింది ఎఫ్508డెల్. 1,480 అమైనో ఆమ్లాల గొలుసులో 508వ పూస జారిపోవడం. ఐరోపా, అమెరికాల్లో రోగుల్లో నూటికి 85 మందికి పైగా ఇది కనీసం ఒక ప్రతిలోనైనా ఉంటుంది. అందుకే మందుల కంపెనీలు మొదట దీని చుట్టూనే తిరిగాయి.

2012లో అమెరికాలో ఇవాకాఫ్టర్ అనే మాత్ర అనుమతి పొందింది. అది మూసుకున్న ద్వారాన్ని తెరిచి పట్టుకుంటుంది. కానీ ద్వారం అంటూ కణం అంచున ఉంటేనే కదా తెరవడం! ఎఫ్508డెల్ ఉన్నవాళ్లలో ప్రొటీను వంకరగా ముడుచుకుని అంచు దాకా రానే రాదు. దాన్ని సరిచేసి పంపే మందులు జతకలిపి 2015లో ఒకటి, 2018లో ఒకటి వచ్చాయి. 2019 అక్టోబరులో వచ్చిన మూడు మందుల కలయిక ట్రైకాఫ్టాతో తేడా కళ్లకు కట్టింది. 2024 డిసెంబరులో రోజుకొక్కసారే వేసుకునే అలిఫ్ట్రెక్‌కూ అనుమతి వచ్చింది.

మందుతో పాటు ఒక జాబితా ఉంటుంది. ఫలానా మార్పులున్నవాళ్లకే ఇవ్వాలని. అమెరికా ఔషధ సంస్థ ఆ జాబితాను 2020లో ఒకసారి, 2024 డిసెంబరులో మరోసారి పెంచింది. ఐరోపా 2025లో ఇంకో అడుగు వేసి, ప్రొటీను అసలు తయారే కాని రకం కాకుండా వేరే మార్పు కనీసం ఒకటి ఉంటే చాలంది. అంటే నాలుగేళ్ల కిందట ‘మీకు కుదరదు’ అని పంపేసిన బిడ్డకు ఇప్పుడు కుదరవచ్చు. పాత రిపోర్టును బీరువా అడుగున పడేసినవాళ్లు ఓసారి తీసి డాక్టర్‌కు చూపించడం మంచిది.

మన దగ్గర చిక్కు వేరే ఉంది. భారతీయ పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో దొరికిన లోపాల్లో ఎఫ్508డెల్ వాటా సుమారు 20 నుంచి 40 శాతం మధ్యే. మిగతావి రకరకాలు, కొన్ని మరెక్కడా కనిపించనివి. పడమటి దేశాల రోగులను చూసి తయారుచేసిన చిన్న కిట్‌తో పరీక్ష చేయిస్తే ‘లోపం ఏమీ లేదు’ అని వస్తుంది. లేక కాదు.. ఆ కిట్ వెతకలేదంతే. మొత్తం జన్యువును చదివే పరీక్ష చేయించాలి. అందులోనూ తేలకపోతే పెద్ద ముక్కలు ఎగిరిపోయాయేమో చూసే మరో పరీక్ష ఉంటుంది. డబ్బు కట్టే ముందే ల్యాబులో ‘ఇది కొన్ని లోపాలనే చూసేదా, మొత్తం చదివేదా?’ అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

మేనరికం లెక్క

ఒక ఇంటిని ఊహించుకుందాం. హోసూరు పక్క పల్లె. నాలుగు తరాలుగా తెలుగే మాట్లాడుకునే కుటుంబం. అబ్బాయి మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. బిడ్డకు జబ్బని తేలాక అవ్వ ఒకటే మాట.. ‘మా ఇంట్లో ఎవురికీ లేదు గదమ్మా, యాడినుంచి వచ్చె?’. కోడలి దగ్గర జవాబుండదు. ‘అట్లే అంటాండారత్తా డాక్టర్లు’ అని ఊరుకుంటుంది.

ఎవరికీ జబ్బు లేకపోవడం నిజమే. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటివాళ్లకు జబ్బు రాదు, మోస్తున్నామని కూడా తెలియదు. ఇక్కడ తాతలో చెడిన ప్రతి ఒకటి ఉందనుకోండి. అది కొడుక్కీ వెళ్లింది, కూతురికీ వెళ్లింది. కొడుకు బిడ్డకూ, కూతురి బిడ్డకూ దిగింది. ఆ ఇద్దరికీ పెళ్లయితే, రెండు దారుల్లో వచ్చిన ఆ ఒక్క లోపమే మునిమనవడిలో మళ్లీ కలవవచ్చు. ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లలోనూ దారి ఇదే. మేనరికం కాని ఇళ్లలో రాదని మాత్రం అనుకోవద్దు, వస్తుంది.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. మందు దగ్గరికి వచ్చేసరికి దీనికి రెండో ముఖం ఉంది. పడమటి దేశాల్లో రోగికి సాధారణంగా అమ్మ నుంచి ఒక రకం లోపం, నాన్న నుంచి ఇంకో రకం ఉండే వీలుంది. ఒకటి మందుకు లొంగకపోయినా రెండోది లొంగితే చాలు. మేనరికపు బిడ్డలో మాత్రం రెండు ప్రతులూ చాలాసార్లు ఒకటే. లొంగేదైతే రెండూ లొంగుతాయి. లొంగనిదైతే రెండూ లొంగవు.

మన దేశపు పిల్లల్లో కనిపించిన రెండు మార్పులనే చూడండి. ఎస్549ఎన్ అనేదాంట్లో ద్వారం అంచు దాకా వస్తుంది, తెరుచుకోదు. దీనికి ఇవాకాఫ్టర్ ఒక్కటే పనిచేస్తుంది, అమెరికా అనుమతి 2014లోనే వచ్చింది. 1161డెల్‌సీ అనేదాంట్లో జన్యువులో ఒక అక్షరం ఎగిరిపోయి, చదవడం తప్పి, ప్రొటీను సగంలోనే ఆగిపోతుంది. ద్వారమే లేదు, ఇక తెరిచేదేముంది? రెండు ప్రతులూ ఇదే అయిన బిడ్డకు ఇప్పుడున్న ఈ రకం మాత్రలు ఏవీ పనికిరావు. ఇద్దరు పిల్లల దగ్గూ ఒకటే, చెమటలో ఉప్పూ ఒకటే. కాగితం మీద పేరు ఒక్కటే వేరు.

రిపోర్టులో మార్పు పేరు చివర ఎక్స్ అక్షరమో, నక్షత్రం గుర్తో ఉంటే ప్రొటీను మధ్యలో ఆగిపోయిందని అర్థం. సాధారణంగా జాబితాలో ఉండదు. ‘అర్థం తేలని మార్పు’ అని రాసి ఉంటే కంగారు పడక, తల్లిదండ్రులిద్దరి రక్తం కూడా పరీక్షకు పంపాలి. ఏది ఎవరి నుంచి వచ్చిందో తేలితే సగం చిక్కు విడిపోతుంది.

కాలేయం మాటేమిటి?

జన్యువు సరేనన్నాక కాలేయం దగ్గర ఆగాలి. పిత్తం చిక్కబడి సన్నని నాళాల్లో నిలిచిపోతే చుట్టూ ఉన్న కాలేయం కొద్దికొద్దిగా గట్టిపడుతుంది. ఈ జబ్బున్న అందరికీ ఇంత ముదరదు. నూటికి 5 నుంచి 10 మందికి గట్టిపడటం పెరిగి, రక్తం కాలేయంలోకి సాఫీగా పోలేక ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఒక్కోసారి రక్తపు వాంతులవుతాయి. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, అదీ తీవ్రమైన లోపాలున్నవాళ్లలో కనిపిస్తుంది. ద్వారం కాస్తో కూస్తో పనిచేసే మెతక లోపాలున్నవాళ్లకు కాలేయం బాధ తక్కువ. కాబట్టి కాలేయం చెడిన బిడ్డ రిపోర్టులో ఎక్కువగా కనిపించేది ఎఫ్508డెల్ లాంటిదో, లేదా మందుకు అసలు లొంగని సగంలో ఆగిపోయే రకమో.

ఈ మాత్రలను ఒంట్లో కరిగించి బయటికి పంపేది కాలేయమే. అది మందగిస్తే మందు రక్తంలో పేరుకుంటుంది. పైగా మందే కాలేయాన్ని దెబ్బతీయగలదు. ట్రైకాఫ్టా వాడినవారిలో కొందరికి కాలేయం పూర్తిగా చెడి మార్పిడి దాకా వెళ్లింది, మరణాలూ ఉన్నాయి. అంతకుముందు కాలేయ జబ్బు లేనివాళ్లూ వారిలో ఉన్నారు. దాంతో అమెరికాలో 2024 డిసెంబరు నుంచి మందు కాగితం మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేస్తున్నారు. దెబ్బ మొదటి నెలలోనూ కనిపించవచ్చు, 15 నెలల తర్వాతా కనిపించవచ్చు. అందుకే మందు మొదలెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలల పాటు నెలనెలా, ఆపైన ఏడాది పాటు మూడు నెలలకోసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి కాలేయ రక్త పరీక్ష చేయించాలి.

మోతాదు చైల్డ్-పగ్ అనే మార్కుల లెక్క మీద నడుస్తుంది. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే వేగం, పొట్టలో నీరు, మెదడు మందగించడం.. ఈ ఐదింటికీ మార్కులు వేస్తారు. 5, 6 వస్తే ఏ తరగతి, ట్రైకాఫ్టా మామూలు మోతాదే. 7 నుంచి 9 వస్తే బీ తరగతి. అక్కడ మందు వద్దనే చెబుతారు. తప్పనిసరైతే, మేలు ఎక్కువనుకుంటేనే తగ్గించి ఇస్తారు. 12 ఏళ్లు దాటినవారికి ఉదయం మాత్రలు ఒక రోజు రెండు, మర్నాడు ఒకటి.. సాయంత్రం మాత్ర పూర్తిగా మానేస్తారు. 10, ఆపైన అయితే సీ తరగతి, ఇవ్వకూడదు. ఒక్క ఇవాకాఫ్టర్ విషయంలో నిబంధన కొంచెం మెత్తన. రోజుకు రెండుసార్లు వేసుకునేది బీ తరగతిలో ఒకసారికి తగ్గిస్తారు, సీలో కూడా డాక్టరు జాగ్రత్త మీద రోజుకొకటో, అంతకన్నా ఎడంగానో ఇచ్చే వీలుంది.

ఈ మార్కులను మాత్రమే నమ్ముకుంటే మోసపోయే చోటు ఒకటుంది. ఈ పిల్లల్లో కాలేయం గట్టిపడి, ప్లీహం బారెడు పెరిగినా బిలిరుబిన్, అల్బుమిన్ బాగానే ఉండొచ్చు. మార్కుల్లో ఏ తరగతే వస్తుంది. ఎస్‌జీపీటీ కూడా మామూలుగా ఉండొచ్చు. కానీ పెట్టె కట్టిన హెచ్చరికలో కాలేయం గట్టిపడినవారికి, ప్లీహం వైపు రక్తపోటు పెరిగినవారికి మేలు ఎక్కువని తేలితే తప్ప ఇవ్వొద్దనే ఉంది. అందుకే రక్త పరీక్ష ఒక్కటే చాలదు. పొట్ట స్కానింగు, వీలైతే కాలేయం గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్, ప్లేట్‌లెట్ల లెక్క కూడా చూశాకే మాట్లాడాలి. దీనికి తిరగేసిన చిక్కూ ఉంది. తిండి ఒంటబట్టని బిడ్డకు అల్బుమిన్ తగ్గడం కాలేయం వల్లే కానక్కర్లేదు. మార్కులు పెరిగాయని మందు ఆపేసే ముందు డాక్టరు అదీ చూస్తారు.

పసరు పోయించొద్దు

కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది కామెర్ల పసరు. సరిహద్దుకు ఇటూ అటూ ఆ పసరు పోసే ఊళ్లకు కొదవ లేదు. ఈ మాత్రలు వాడే బిడ్డకు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, కుడివైపు పొట్టలో నొప్పి, తిండి సయించకపోవడం కనిపిస్తే వెళ్లాల్సింది పసరు దగ్గరికి కాదు. ఆరోజే మందు రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఏం కలిపారో తెలియని ఆకు మందు కాలేయం మీద ఇంకో బరువు, ఏది దెబ్బతీసిందో కూడా తర్వాత తేల్చలేరు. ఎంజైములు మామూలు గరిష్ఠానికి ఐదు రెట్లు దాటినా, మూడు రెట్లు దాటి బిలిరుబిన్ రెండు రెట్లు దాటినా మందు ఆపాలన్నది నిబంధన.

టీబీ మందు సంగతి మరీ ముఖ్యం. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉరకలెత్తించి ఈ మాత్రలను వెంటనే కరిగించేస్తుంది. లక్షలు పోసి కొన్న మందు పనిచేయకుండానే పోతుంది, కాబట్టి రెండూ కలిపి వాడరు. ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులది దీనికి తిరకాసు. అవి మందును పేర్చేస్తాయి, మోతాదు తగ్గించాలి. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని కాగితం మీదే ఉంటుంది. దాని దగ్గరి చుట్టం మన పంపర పనస, కాబట్టి దాన్నీ డాక్టర్నడిగే పెట్టాలి. మాత్ర మాత్రం నెయ్యన్నంతోనో, గుడ్డుతోనో, మీగడ పాలతోనో వేయాలి. కొవ్వు లేకపోతే ఒంటికి పట్టదు.

ఎక్కడికి వెళ్లాలి? ఎంతవుతుంది?

ట్రైకాఫ్టా మొదట వచ్చినప్పుడు అమెరికాలో ఏడాదికి 3.11 లక్షల డాలర్లు. అప్పటి లెక్కన రూ.2 కోట్ల పైమాటే. బతికినన్నాళ్లూ వేసుకోవాలి. అర్జెంటీనాలో తయారయ్యే జెనరిక్‌ను తెప్పించుకున్న కుటుంబాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. 2025 అక్టోబరులో బంగ్లాదేశ్‌కు చెందిన బెక్సిమ్‌కో కంపెనీ తన జెనరిక్‌ను పిల్లలకు ఏడాదికి 6,375 డాలర్లకు, పెద్దలకు 12,750 డాలర్లకు ఇస్తామని ప్రకటించింది. పిల్లలకు సుమారు ఐదున్నర లక్షల రూపాయలు. చిన్న మొత్తమేమీ కాదు, కోట్లతో పోలిస్తే మాత్రం పొలం అమ్మి కాకపోయినా నలుగురూ కలిస్తే అందే దూరం. ధర తగ్గినా జాబితా మారదు, కాలేయం నియమమూ మారదు.

విదేశీ మందును సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే డాక్టరు చీటీతో 12ఏ ఫారంలో దరఖాస్తు పెట్టి 12బీ అనుమతి తీసుకోవాలి. అరుదైన జబ్బుల విధానంలో ఉన్న జబ్బుల మందులకు, సొంత వాడకానికైతే, 2023 ఏప్రిల్ 1 నుంచి కస్టమ్స్ సుంకం మినహాయింపు ఇచ్చారు.

రాష్ట్రాల ఆరోగ్య కార్డులు పొలిమేర దాటితే చాలాచోట్ల చెల్లవని సరిహద్దు ఊళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానానికి ఆ పేచీ లేదు. ఆ పట్టికలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. కఫాన్ని పలచన చేసే డార్నేస్ మందు ఒక వర్గంలో, ద్వారం తెరిచే మందులు మరో వర్గంలో. 2022 నుంచి రూ.50 లక్షల దాకా సాయం చేయవచ్చు, అదీ గుర్తించిన కేంద్రాల ద్వారానే. కర్ణాటక వాళ్లకు బెంగళూరులోని హ్యూమన్ జెనెటిక్స్ కేంద్రం, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి. తమిళనాడు వాళ్లకు చెన్నై ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి. షోలాపూర్ వైపు వాళ్లకు ముంబయి కేఈఎం. నాందేడ్, చంద్రాపూర్ వాళ్లకు హైదరాబాదే దగ్గర, నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ పనిచేస్తోంది. ఒడిశా వాళ్లకు కోల్‌కతా ఉంది గానీ, బరంపురం, రాయగడ జనం విశాఖ వైపే చూస్తారు. యానాం వాళ్లు ముందు కాకినాడ, మరీ అయితే పుదుచ్చేరి జిప్‌మర్. అసలు ధర లెక్కన చూస్తే ఆ 50 లక్షలు మూడు నెలలకు కూడా రావన్నది వేరే సంగతి. అయినా పేరు నమోదు చేయించుకోవాలి. నమోదైన పిల్లలెందరో తెలిస్తేనే అడగడానికి బలం.

మాత్ర కుదరని ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రోజుకు రెండుపూటలా వీపు తట్టి కఫం తీయడం, ఉప్పునీటి నెబ్యులైజరు, అన్నంతో పాటు క్లోమ ఎంజైముల క్యాప్సూల్సు, ఏ, డీ, ఈ, కే విటమిన్లు, వేళకు యాంటిబయోటిక్స్.. పిల్లల ఆయుష్షును ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చింది ఇవే. మాత్ర కుదిరినవాళ్లూ డాక్టరు చెప్పకుండా వీటిని మానకూడదు. కాలేయం మరీ చెడితే మార్పిడి దారి ఉంది. మార్పిడి అయినవారికి మళ్లీ ఈ మాత్రలు ఇవ్వాలంటే, టాక్రోలిమస్ లాంటి మందుల మోతాదును పక్కనే ఉండి సరిచూసుకునే ఆసుపత్రి కావాలి.

ఇంకో బిడ్డ కావాలనుకునే దంపతులకు పెద్దబిడ్డ జన్యు రిపోర్టే ఆధారం. లోపం పేరు తెలిసి ఉంటే గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. పేరు తెలియకుండా ఆ వారాల్లో వెతకడం మొదలెడితే సమయం చాలదు. గర్భం రాకముందే తల్లిదండ్రులిద్దరూ రక్తం ఇచ్చి, ఆ కాగితాన్ని ఫైలులో పైనే పెట్టుకోవాలి. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన మేనబావ మరదళ్లుంటే వాళ్లకూ అదే కాగితం చూపించి, అదే ఒక్క లోపానికి పరీక్ష చేయిస్తే ఖర్చు తక్కువ, పెళ్లిమాటలకు ముందే తేలుతుంది.